మనం లేని పేజీలు – 9: వాడికి రూముంది మేడమ్



పరీక్షల డ్యూటీల వల్ల రెండు ఆదివారాలు ఈ వరుస ఆగిపోయింది. ఇన్‌బాక్సులో అడిగినవాళ్లందరికీ సారీ. పోయిన భాగంలో చెప్పినట్టు ఈసారి దళిత నవలల్లో భూమి గురించి రాయాలి. అది వచ్చే వారానికి వాయిదా. మధ్యలో ఒక పిల్ల వేసిన ప్రశ్న నన్ను వదల్లేదు, దాని సంగతి తేల్చుకోకుండా భూమి దగ్గరికి పోలేను. కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి.

ఆ పిల్ల మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా గురుకులంలో చదివి వచ్చింది కాబట్టి ఇంగ్లీషంటే భయం లేదు. మధ్యాహ్నం అన్నాల టైములో మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో ఏదో చదువుతుంటే ఏంటమ్మా అని అడిగాను. స్టీఫెన్ చబోస్కీ రాసిన ‘ద పెర్క్స్ ఆఫ్ బీయింగ్ ఎ వాల్‌ఫ్లవర్’. 1999లో వచ్చిన అమెరికన్ నవల. చార్లీ అనే పదిహేనేళ్ల కుర్రాడు తనకు ముఖపరిచయం కూడా లేని ఎవరికో ఉత్తరాలు రాస్తుంటాడు. హైస్కూలుకి కొత్త. ఉన్న ఒక్క స్నేహితుడు చనిపోయాడు. శామ్ అనే అమ్మాయంటే ప్రాణం. లోపల ఏదో తెగిపోతూ ఉంటుంది, దానికి పేరేమిటో వాడికే తెలియదు.

"వీడికి కూడా నాకు అయినట్టే అవుద్ది మేడమ్" అంది. ఏమవుద్ది అని నేను అడగలేదు. ఎందుకు అడగలేదో కింద చెబుతాను. వెంటనే తనే, "తెలుగులో ఇట్లాంటివి లేవా మేడమ్? మనోళ్లు ఉండేవి?" అంది.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషిని. లేవు అని ఎట్లా అంటాను? మర్నాడు లైబ్రరీ నుంచి నవీన్ ‘అంపశయ్య’ తీసి ఇచ్చాను. 1969లో పుస్తకంగా వచ్చిన నవల. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే రవి అనే ఎం.ఏ. కుర్రాడి ఒకే ఒక్క రోజు. నిద్ర లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా వాడి బుర్రలో తిరిగే ప్రతి ఆలోచనా. డబ్బుల్లేవు, పరీక్షల భయం, ఆడపిల్లల మీద కోరిక, తన మీద తనకే అసహ్యం. యువకుడి మనసు మీద ఇంత దగ్గరగా లైటు వేసిన నవల మనకి ఇంకోటి లేదని క్లాసులో చాలాసార్లు చెప్పాను.

వారం తర్వాత తెచ్చి ఇచ్చింది. ఎట్లా ఉంది అన్నాను.

"బాగుంది మేడమ్. కానీ వాడికి రూముంది."

పదేళ్లుగా ఆ నవల చెబుతున్నాను. ఈ మాట నాకు తట్టలేదు. తను చదివిన గురుకులంలో పగలు క్లాసు జరిగే గదిలోనే రాత్రి పడుకునేవాళ్లట. నలభై మంది, తలల దగ్గర నలభై ట్రంకుపెట్టెలు. ఏడవాలంటే బాత్రూంలోకి పోవాలి. అక్కడా బయట క్యూ. తలుపు కొడుతుంటారు. రవి పేదవాడే, పల్లెటూరి నుంచి వచ్చినవాడే. అయినా తలుపు వేసుకుని మంచం మీద పడి తన గురించి తాను ఆలోచించుకునే చోటు ఒకటి వాడికి దొరికింది. మానసిక సంఘర్షణ అని మనం క్లాసులో బోర్డు మీద రాసేదానికి కూడా ఒక చోటు కావాలి.

సరే, అసలు ఈ ‘యంగ్ అడల్ట్’ అనే అలమర ఎక్కడ పుట్టిందో చూద్దాం. టీనేజర్ అనే మనిషిని ఒక ప్రత్యేక జాతిగా చూడటం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో బలపడింది. హైస్కూలు దాకా అందరూ చదవడం, చేతిలో నాలుగు డబ్బులు, సొంత పాటలు, సొంత బట్టలు. వాళ్లకి సొంత పుస్తకాలు కూడా కావాలని లైబ్రరీలు, ప్రచురణకర్తలు గుర్తించారు. ఈ రకం నవలలకి మొదటి పెద్ద గుర్తుగా అందరూ చెప్పేది 1967లో వచ్చిన ‘ద ఔట్‌సైడర్స్’. రాసింది ఎస్.ఇ. హింటన్. ఓక్లహోమా రాష్ట్రంలో టల్సా అమ్మాయి. పదిహేనేళ్లప్పుడు మొదలుపెట్టింది, పుస్తకం వచ్చేసరికి పద్దెనిమిది. ఆడపిల్ల పేరు చూస్తే చదవరని ప్రచురణకర్తలు పొడి అక్షరాలు పెట్టించారు. కథ పేద పిల్లల గుంపుకీ డబ్బున్న పిల్లల గుంపుకీ గొడవ. బాగుంటుంది. పేదరికం ఉంది, భయం ఉంది, స్నేహితుడు చనిపోతే తట్టుకోలేకపోవడం ఉంది. కానీ ఆ పేద పిల్లలూ తెల్లవాళ్లే.

దానికి రెండేళ్ల ముందే, 1965లో, నాన్సీ లారిక్ అనే ఆవిడ ‘సాటర్డే రివ్యూ’ పత్రికలో ఒక వ్యాసం రాసింది. పిల్లల పుస్తకాల లోకమంతా తెల్లదేనని దాని సారాంశం. న్యూయార్కులో ఐదేళ్ల నల్లజాతి పాప ఒకతి బొమ్మల పుస్తకం చూస్తూ ఇందులో పిల్లలెప్పుడూ తెల్లవాళ్లే ఎందుకుంటారని అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది అది. లారిక్ లెక్క తీసింది. 1962 నుంచి 64 వరకు మూడేళ్లలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల్లో కనీసం ఒక్క నల్లమనిషి కనిపించేవి 349. నూటికి 6.7. అదీ కథలోనో బొమ్మలోనో ఏదో ఒక మూల కనిపించినా లెక్కలోకి తీసుకుంటే. ఆ తర్వాత యాభై ఏళ్లకి, 2014లో, వాల్టర్ డీన్ మైయర్స్ అనే నల్లజాతి రచయిత ‘న్యూయార్క్ టైమ్స్’లో మళ్లీ అదే ప్రశ్న అడగాల్సి వచ్చింది. 2013లో వచ్చిన 3,200 పుస్తకాల్లో నల్లవాళ్ల గురించినవి 93. ఆ వ్యాసం వచ్చిన కొద్ది నెలలకే ఆయన చనిపోయాడు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, అమెరికా వాళ్లకి అన్నీ ఉన్నాయి మనకే లేవు అనుకునే అలవాటు మన పిల్లల్లో ఉంది. అక్కడ కూడా లెక్కపెట్టి, పోట్లాడి తెచ్చుకున్నారు. 2017లో ఏంజీ థామస్ ‘ద హేట్ యు గివ్’ వచ్చింది. స్టార్ అనే పదహారేళ్ల నల్లజాతి అమ్మాయి కళ్లముందే చిన్ననాటి స్నేహితుణ్ణి పోలీసు కాల్చేస్తాడు. ఆ పిల్ల సాక్ష్యం చెప్పాలి, వీధిలోకి రావాలి. అదే పిల్లకి బడిలో బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడు. వాడితో అలగడం ఉంది. రాత్రి పీడకలలున్నాయి. ప్రేమ, భయం, పోరాటం మూడూ ఒకే పిల్లలో, ఒకే పుస్తకంలో. ఏదో ఒకటే ఎంచుకోమని ఆ రచయిత్రి ఆ పిల్లకి చెప్పలేదు.

తెలుగులో మనకి మాత్రం పంపకాలు జరిగాయి.

మనసు జబ్బు ఎవరికి వచ్చిందో చూడండి. 1940ల్లో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ వచ్చింది. తెలుగులో మొదటి మనోవైజ్ఞానిక నవల అంటారు. సీతారామారావు వంశ గౌరవం అనే మాట పట్టుకుని ఆస్తి కరగబెట్టి, మనుషుల్ని దూరం చేసుకుని, చివరికి పిచ్చెక్కి శ్మశానం చేరతాడు. కరగడానికి ముందు ఆస్తి ఉండాలి కదా. అదే దశాబ్దంలో బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. దయానిధి డాక్టరు. తల్లి మీద లోకం వేసిన నింద వాణ్ణి జీవితమంతా వెంటాడుతుంది. కోమలి మీద ప్రేమ, ఇందిరతో పెళ్లి, తనని తాను తవ్వుకోవడం. నాకు చాలా ఇష్టమైన నవల, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ తల్లి మీద నింద అనేది మన వాడల్లో ప్రతి రెండో ఇంట్లో ఉంటుంది. కామందు పొలంలో పని చేసిన ప్రతి తల్లి మీదా ఊరు ఏదో ఒకటి అంటూనే వచ్చింది. ఆ మాటలు విని పెరిగిన మన పిల్లాడి లోపల ఏం జరిగిందో ఎవరూ నాలుగు వందల పేజీలు రాయలేదు.

ప్రేమ దగ్గరికి వస్తే చలం ‘మైదానం’, 1927. వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోతుంది. ఆ రోజుల్లో అది పిడుగు. ఆ తర్వాత 1960ల్లో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’, అక్కణ్ణుంచి అద్దె లైబ్రరీల కాలం. రాజశేఖరం కారు దిగితే ఆంధ్రదేశంలో ఆడపిల్లల గుండెలు కొట్టుకున్నాయి. వీటిని తక్కువ చేసి మాట్లాడే విమర్శకుల్లో నేను లేను. మా చిన్నమ్మ వల్ల. ఆ సంగతికి వస్తున్నాను.

ఇక మనం. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’. బ్రిటిష్ వాళ్లు నిషేధించిన నవల. అందులో మాల ఇంటి పిల్లాడు సంగదాసు కామందు చేతిలో చనిపోతాడు. పెళ్లి, మోహం, ఇల్లు వదిలి పోవడం, ఆ చిక్కులన్నీ కామందు కోడలు కమలకి, మోహనరావుకి దక్కాయి. మన పిల్లలకు భక్తి, త్యాగం, మరణం. గొప్ప నవలే. కానీ అప్పుడు మొదలైన ఆ వాటాలు వందేళ్లయినా పెద్దగా మారలేదు.

ఒక చిన్న పిట్టకథ. దేవదాసు సంగతి చూడండి. జమీందారు కొడుకు ప్రేమ విఫలమై తాగితే, శరత్ బెంగాలీలో రాసిన దానికి మనం 1953లో నాగేశ్వరరావుతో సినిమా తీసుకుని డెబ్భై ఏళ్లుగా ఏడుస్తున్నాం. మా పల్లెలో అదే పని చేసిన వాళ్లు ముగ్గురు నాకు తెలుసు. వాళ్లని దేవదాసు అని ఎవరూ అనలేదు. తాగుబోతు అన్నారు. తాగితే అంతే, ఆ కులమే అంత, అన్నారు.

ఇప్పుడు మా చిన్నమ్మ. మా అమ్మ చెల్లెలు. రాసుకో కానీ ఊరి పేరు రాయబాకు అంది కాబట్టి రాయను. బాపట్ల వైపు ఒక ఊరు. మాది మాదిగపల్లె, రోడ్డుకి అవతల మాలపల్లె. చిన్నమ్మ పదో తరగతి పోయాక మిషన్ నేర్చుకుంది. కామందు ఇంట్లో జాకెట్లు కుట్టిచ్చినందుకు డబ్బులతోపాటు పాత వీక్లీలు ఇచ్చేవాళ్లట. సీరియల్ పేజీలు చింపి సూదీ దారంతో కుట్టి పుస్తకం చేసుకునేది. ఆ పుస్తకాలు నేను చూశాను. మధ్యలో పేజీలు ఉండవు, ఎందుకంటే మధ్య వారాల వీక్లీలు కామందు ఇంట్లో పొయ్యిలోకి పోయి ఉంటాయి. పోయిన భాగాల్లో కథ ఏం జరిగి ఉంటుందో తనే ఊహించుకుని మిగతా ఆడపిల్లలకి చెప్పేది. మా పల్లెలో ఒక జయంతి ఉంది. ‘సెక్రటరీ’ కథానాయిక పేరు. పెట్టింది చిన్నమ్మే.

1991లో చిన్నమ్మకి పదిహేడు. మాలపల్లె కుర్రాడు ఒకాయన బాపట్లలో ఇంటర్ చదివేవాడు. టౌనుకి పోయే బస్సులో పరిచయం. తను కుట్టిన పుస్తకం ఇస్తే ఆయన చదివి, లేని పేజీల చోట తెల్లకాయితం పెట్టి, కథ తనకు తోచినట్టు పూరించి ఇచ్చాడట. ఇంతకంటే గొప్ప ప్రేమలేఖ తెలుగు సాహిత్యంలో నేను చదవలేదు.

ఆ ఏడాది ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఈ పేజీ చదివేవాళ్లకి చుండూరు గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. ఎనిమిది మందిని చంపి కాలవలో, పొలాల్లో పడేశారు. గొడవ ఎక్కడ మొదలైందో మాత్రం గుర్తు చేసుకోండి. సినిమా హాల్లో. చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో రెడ్ల కుర్రాడికి తగిలింది. సినిమాకి పోవడం, ముందు సీటుకేసి కాళ్లు చాపుకోవడం, ఇవి ఏ దేశంలోనైనా ఆ వయసు పిల్లలు చేసే పనులు. మన పిల్లలు ఆ వయసును ఆ వయసులాగా గడిపితే ఊరు తట్టుకోలేదు.

మా రెండు పల్లెలూ కదిలాయి. మాలలూ మాదిగలూ ఒకే లారీ ఎక్కి తెనాలి శిబిరానికి బియ్యం, దుప్పట్లు తీసుకుపోయారు. ఆయన కూడా వెళ్లాడు. పక్కపక్కన కూర్చుని నినాదాలు ఇచ్చిన ఆ పెద్దలే నెల తర్వాత వీళ్లిద్దరి సంగతి తెలిసి ఎవరి రచ్చబండ దగ్గర వాళ్లు కూర్చున్నారు. మాదిగ పిల్లని ఎట్లా చేసుకుంటాం అని అక్కడ. మాలోళ్ల ఇంటికి ఎట్లా ఇస్తాం అని ఇక్కడ. మా తాత కూడా అన్నాడు. ఆయన్ని హైదరాబాదులో అన్న దగ్గరికి పంపేశారు.

చిన్నమ్మ అన్నం మానేసింది. మాట మానేసింది. రాత్రిళ్లు లేచి కూర్చునేది. బెంగ పెట్టుకుందన్నారు కొన్నాళ్లు. ఆ తర్వాత గాలి సోకిందన్నారు. మందిరంలో మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేయించారు. నూనె రాశారు. ఎవరో చెబితే దర్గాకి కూడా తీసుకుపోయారు. చివరికి టౌన్లో ఒక డాక్టరు బలానికని సూదిమందు ఇచ్చి, పెళ్లి చేయండి అదే పోద్ది అన్నాడట. ఆరు నెలల్లో పెళ్లి చేశారు.

బెంగ, దిగులు, జడుపు, తెలంగాణలో రంది, బుగులు. మన ఇళ్లలో మనసుకి ఎన్ని మాటలున్నాయో. డిప్రెషన్, యాంగ్జైటీ అని ఇంగ్లీషులో అంటే తప్ప మన పిల్లలకి అది జబ్బుగా వినపడటం లేదు. బెంగ అంటే డాక్టరుకి వినపడటం లేదు.

ఈ కథ నాకు చిన్నప్పటి నుంచి ముక్కలు ముక్కలుగా తెలుసు. కానీ కూర్చోబెట్టి అడిగింది పోయిన నెలలోనే, ఆ పిల్ల ‘వాడికి రూముంది’ అన్నాక. మిషన్ తొక్కడం ఆపకుండానే చెప్పింది. అప్పుడు నీతో ఎవరూ మాట్లాడలేదా చిన్నమ్మా అని అడిగాను. "అడిగినోళ్లే లేరే. అందరూ చుండూరు పోయారు" అంది. కోపమేమన్నా ఉందా అంటే నన్ను ఎగాదిగా చూసి, "పోకుండా ఎట్టా?" అంది.

మిత్రులారా, నా వరకు ఇదే అసలు చరిత్ర. కారంచేడు, చుండూరు తర్వాత మన సాహిత్యం ఉప్పెనలా వచ్చింది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’, ఆ వెంటనే ‘పదునెక్కిన పాట’, కథలు, నవలలు. శవాల్ని లెక్కపెట్టాల్సిన కాలంలో పదిహేడేళ్ల పిల్ల బెంగ గురించి రాయలేదేమని ఆ తరాన్ని నిలదీసే హక్కు నాకు లేదు. కానీ ఆ తొందర ముప్ఫై ఏళ్లకి అలవాటైంది. నేను పీహెచ్‌డీ చేసినప్పుడు నోట్సు కార్డులు పెట్టుకున్నాను. భూమి ఒక కట్ట, నీళ్లు ఒక కట్ట, గుడి, బడి, కూలి, పోలీసు. ప్రేమకి కట్ట లేదు. మనసుకి లేదు. నవలల్లో అట్లాంటి పేజీలు వస్తే, ఇవి ప్రధాన వస్తువుకి సంబంధం లేనివి అని తిప్పేశాను. లేనిది పుస్తకాల్లో ఎంత, నా కార్డుల్లో ఎంత అని ఇప్పుడు అనుమానం.

ఎందుకంటే తిరిగి వెతికితే కొన్ని దొరికాయి. గోగు శ్యామల ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ కథల్లో, జోగిని చేయబోతే తప్పించి హాస్టల్లో వేసిన పిల్ల ఉంది. ఆ కథని నేను జోగిని వ్యవస్థ అనే కార్డులో రాసుకున్నాను. ఊరు వదిలి హాస్టల్ మెట్ల మీద నిలబడ్డ ఆ పిల్ల లోపలి పచ్చిపుండుని చూడలేదు. 2008లో హైదరాబాదు అన్వేషి సంస్థ వాళ్లు పిల్లల కోసం తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో ఒక పుస్తకాల వరుస తెచ్చారు. దళిత, ముస్లిం, పేద ఇళ్ల పిల్లలే అందులో ముఖ్యులు. దానిలో జయశ్రీ కళత్తిల్ రాసిన కథ ఒకటి, గోనెపట్ట చుట్టుకుని తిరిగే ‘పిచ్చోడి’కీ, ఇంట్లో మాటలు ఆగిపోయిన ఒక కేరళ పిల్లకీ స్నేహం గురించి. పిచ్చి అనే మాటని పిల్లల ముందు అంత మర్యాదగా పెట్టిన పుస్తకం నేను వేరేది చూడలేదు. మన స్కూలు లైబ్రరీల్లో అది ఎన్ని చోట్ల ఉందో మీరే వెతికి చూడండి.

ఇంకోటి, 2017లో సుజాత గిడ్ల ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’. మనం శివసాగర్‌గా ఎరిగిన సత్యమూర్తి గారి కుర్రతనం అందులో ఉంది. గుంటూరు ఏసీ కాలేజీ, ఆకలి, ఫీజు కట్టలేని సిగ్గు, ఒక అమ్మాయి మీద ప్రేమ. విప్లవకారుడు కాకముందు ఆయన ఒక బెంగపడ్డ కుర్రాడు. ఈ సంగతి మన గుంటూరు నుంచి మన చేతికి రావడానికి న్యూయార్కులో ఇంగ్లీషులో అచ్చు కావాల్సి వచ్చింది.

నవలలో జాగా లేని ప్రేమలు ఎక్కడ నమోదయ్యాయి? ఎఫ్‌ఐఆర్‌లో. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని చంపారు. ప్రణయ్, అమృతల స్నేహం బడి రోజుల్లో మొదలైంది. ఆ బడి రోజుల గురించి మనకేం తెలుసు? ఎవరు ముందు మాట్లాడారు, దేనికి నవ్వుకున్నారు, దేనికి అలిగారు? సీసీ కెమెరాలో చివరి నిమిషం మాత్రం దేశమంతా చూసింది. మన పిల్లల ప్రేమకి చివరి పేజీ ఒక్కటే అచ్చవుతోంది. మరాఠీలో నాగరాజ్ మంజుళే ‘ఫాండ్రీ’ తీశాడు, 2013లో. పందులు పట్టే ఇంటి కుర్రాడు జబ్యాకి బడిలో శాలూ అంటే ఇష్టం. ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడడు. ఆ పిల్ల చూస్తుండగా పంది వెంట పరుగెత్తాల్సి వస్తే వాడి మొహంలో కనిపించే సిగ్గు ఉందే, అది తెలుగు నవలలో నాకు కావాలి. చివర్లో రాయి విసురుతాడు, అందరూ ఆ రాయి గురించే రాశారు. నాకు ఆ సిగ్గు గుర్తుంది.

పైన ఒక మాట బాకీ పెట్టాను. ఆ పిల్ల ‘నాకు అయినట్టే’ అంటే ఏమవుద్ది అని ఎందుకు అడగలేదో. నాలుగేళ్ల కిందట ఇంకో అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నిద్ర పట్టట్లేదు మేడమ్, ఏదీ చేయబుద్ధి కావట్లేదు అంది. నేను చాలా ఉత్సాహంగా బాబాసాహెబ్ రోజుకి ఎన్ని గంటలు చదివేవారో చెప్పాను. ఆయన జీవిత చరిత్ర చేతికిచ్చి పంపాను. ధైర్యంగా ఉండు, మనం ఏడవకూడదు అన్నాను. తర్వాత నెలలో వాళ్ల అన్న వచ్చి టీసీ తీసుకుపోయాడు. తిరుప్పూరు వైపు ఏదో మిల్లులో ఉందని విన్నాను. పుస్తకం మాత్రం అన్న చేతికిచ్చి తిరిగి పంపింది, అట్టకి న్యూస్‌పేపర్ వేసి. అప్పటి నుంచి నాకు ఆ ప్రశ్న అడగాలంటే భయం. సమాధానం వస్తే ఏం చేయాలో నాకు తెలియదు. మా కాలేజీలో కౌన్సెలర్ లేరు. (ఇది చదువుతున్న పిల్లల్లో ఎవరికైనా రాత్రిళ్లు అట్లా ఉంటే, టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. మేడమ్‌లకి చెప్పుకోవడం కంటే కొన్నిసార్లు అదే మేలు.)

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 2016 జనవరిలో రోహిత్ ఉత్తరం రాసి వెళ్లిపోయాడు. ఆ ఉత్తరాన్ని మనం బ్యానర్ల మీద వేసుకున్నాం, వేసుకోవాల్సిందే. అందులో తన చిన్నతనపు ఒంటరితనం గురించి కూడా ఉంది. ఆ వాక్యం ఏ బ్యానర్ మీదా చూసినట్టు గుర్తు లేదు.

చివరిగా ఒక పాత కాయితం. 1855. పుణెలో జోతిబా, సావిత్రీబాయి ఫూలేల బడిలో ముక్తా అనే పద్నాలుగేళ్ల మాంగ్ కులపు పిల్ల ఒక వ్యాసం రాసింది. ‘జ్ఞానోదయ’ పత్రిక అచ్చు వేసింది. మాంగ్, మహార్ల దుఃఖం గురించి అని దాని పేరు. నీడ కూడా లేని చోట మన ఆడవాళ్లు పడే ప్రసవ వేదన గురించి ఆ పిల్ల రాసింది. ‘ఔట్‌సైడర్స్’ కంటే 112 ఏళ్ల ముందు, హింటన్ కంటే ఏడాది చిన్న వయసులో. మన క్లాసుల్లో ముక్తాబాయిని మొదటి దళిత రచయిత్రి అని చెప్పి ఊరుకుంటాం. పద్నాలుగేళ్ల పిల్ల అనే సంగతి మీద ఒక్క నిమిషం ఆగం. ఇంకా ఆ పేరు చూడండి, మాంగ్, మహార్. రెండు కులాల దుఃఖాన్ని ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చోబెట్టింది. మా ఊళ్లో రెండు రచ్చబండల పెద్దలు 1991లో చేయలేని పని.

మొన్న శుక్రవారం ఆ పిల్లకి ఇవన్నీ చెప్పాను. ఖాళీ క్లాసురూంలో, ఫ్యాన్ తిరగడం లేదు. ముక్తాబాయి గురించి శ్రద్ధగా విన్నది. అమెరికా లెక్కలు రాసుకుంది. చిన్నమ్మ సంగతి చెబుతుంటే పెన్ను మూసేసింది. ఆమె కుట్టిన పుస్తకంలో ఆయన రాసిన తెల్లకాయితాలు ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను, ఇంకు వెలిసిపోయింది కానీ ఉన్నాయి.

"ఆయన పేరేంటి మేడమ్?"

మా ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా ఆ మాలోళ్ల పిల్లాడు అనే అంటారు. నేనూ చిన్నమ్మని అడగలేదు.

ఈ ఆదివారం ఊరు వెళుతున్నాను.